బెంజీన్ మీద బెంజీన్ పడుకోదు

చిన్న ఆరోమాటిక్ అణువుల, అంటే బెంజీన్ లాంటి చదునైన వలయాలున్న అణువుల, స్ఫటిక నిర్మాణాల మీద ఏ పరిశోధన పత్రం తెరిచినా ఒక బొమ్మ దాదాపు తప్పకుండా ఎదురవుతుంది. రెండు బెంజీన్ వలయాలు ఒకదాని మీద ఒకటి. వాటి కేంద్రాలను కలుపుతూ ఒక చుక్కల గీత. గీత పక్కన 3.7 ఆంగ్‌స్ట్రామ్‌లు అనో 3.8 అనో ఒక అంకె (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). బొమ్మ కింద ఒకే వాక్యం: ఈ స్ఫటికానికి స్థిరత్వం పై (π)-స్టాకింగ్ వల్ల వచ్చింది. వలయానికి రెండు వైపులా పరుచుకుని ఉండే పై ఎలక్ట్రాన్లు ఒక వలయాన్ని ఇంకో వలయానికి అతికిస్తాయని, ఆ అతుకు వల్లే అణువులు దొంతరలు కడతాయని, దాంతోనే స్ఫటికం నిలబడిందని చదివినవాళ్లు అనుకుంటారు. రాసినవాళ్లూ చాలామంది అదే అనుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇలాంటి పత్రాలు చదవడం, విద్యార్థులతో చదివించడం నా పని. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఆ చుక్కల గీత చాలా సందర్భాల్లో దేన్నీ వివరించదు. స్ఫటికంలో ఒక అణువు చుట్టూ పన్నెండో పద్నాలుగో అణువులు ఆనుకుని ఉంటాయి. అందులో ఒకదాన్ని ఏరి, దానికో గీత గీసి, మిగతావాటిని బొమ్మలోంచి తీసేసి, కారణం ఇదేనని చెప్పేస్తే అది వివరణ ఎలా అవుతుంది? అణువు మొత్తం ఆకారం, చుట్టూ ఉన్న అన్ని అణువులతో దానికి కుదిరిన మొత్తం సర్దుబాటు, ఈ రెండూ కలిసి స్ఫటికాన్ని నిర్ణయిస్తాయి. దగ్గరి దూరం ఆ సర్దుబాటు ఫలితాల్లో ఒకటి. ఫలితాన్ని కారణమని రాయడం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని ప్రశ్నించే విద్యార్థి కూడా అరుదుగా కనిపిస్తున్నాడు.

ముందు బెంజీన్‌నే అడుగుదాం. దొంతరలు కట్టే గుణం వలయాలకు సహజంగా ఉంటే, పక్క గుంపుల అడ్డు ఏమీ లేని బెంజీన్‌లో అది అన్నిటికంటే స్పష్టంగా కనిపించాలి. బెంజీన్ 5.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. దాని స్ఫటిక నిర్మాణం మీద ఇ.జి. కాక్స్ 1920ల చివర్లోనే పని మొదలుపెట్టాడు. మైనస్ 3 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా కొలిచిన వివరమైన నిర్మాణాన్ని ఆయన బృందమే 1958లో ప్రచురించింది. యూనిట్ సెల్, అంటే స్ఫటికమంతటా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె, కొలతలు 7.46, 9.66, 7.03 ఆంగ్‌స్ట్రామ్‌లు. అందులో నాలుగు అణువులు. వాటి కేంద్రాలు పెట్టె మూలల్లోనూ ముఖాల నడుమనా ఉంటాయి. గోళాలను వీలైనంత దగ్గరగా పేర్చినప్పుడు వచ్చే అమరికకే ఇది కాస్త సాగిన రూపం. ఒక్కో అణువుకు చుట్టూ 12 అణువులు. పెట్టె కొలతలు తెలుసు కాబట్టి కేంద్రాల మధ్య దూరాలు కాగితం మీద ఎవరైనా కట్టుకోవచ్చు. నాలుగు అణువులు 5.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, నాలుగు 6.0 దూరంలో, ఇంకో నాలుగు 6.1 దూరంలో ఉంటాయి. ఈ పన్నెండింటిలో ఒక్కటి కూడా మన అణువుకు సమాంతరంగా లేదు. సమాంతరంగా ఉన్న అణువు కావాలంటే 7 ఆంగ్‌స్ట్రామ్‌ల అవతలికి పోవాలి. 3.7 అనే అంకెకు ఈ స్ఫటికంలో చోటే లేదు.

ఇది చూపించినప్పుడు తరగతిలో ఒక్కసారిగా కదలిక వస్తుంది. ఆరోమాటిక్ అణువులన్నిటికీ మూలరూపం అనుకున్నది తన సొంత స్ఫటికంలో ఒక్క దొంతర కూడా కట్టలేదు మరి.

కారణం కష్టమైనదేమీ కాదు. బెంజీన్ వలయం పై ముఖం, కింది ముఖం కాస్త ఋణావేశంతో ఉంటాయి. అంచున హైడ్రోజన్లున్న చోటు కాస్త ధనావేశంతో ఉంటుంది. దీన్నే క్వాడ్రుపోల్ అంటారు. రెండు వలయాలను అచ్చంగా ఒకదాని మీద ఒకటి పెడితే ఋణావేశం ఎదురుగా ఋణావేశమే వస్తుంది. ఒక వలయం అంచు ఇంకో వలయం ముఖానికి తగిలేలా పెడితే ఆవేశాలు కలిసొస్తాయి. సమాంతరంగానే ఉంచి పక్కకు జరిపినా ఇబ్బంది తగ్గుతుంది. 1990లో హంటర్, శాండర్స్ ఈ ఆలోచనను అందరికీ అర్థమయ్యే నమూనాగా పెట్టారు. తరవాత వచ్చిన ఖచ్చితమైన లెక్కల్లో రెండు బెంజీన్ అణువుల జంటకు అంచు-ముఖం అమరిక, పక్కకు జరిపిన సమాంతర అమరిక ఇంచుమించు సమానంగా తేలాయి. ఒక్కోదానికీ మోల్‌కు సుమారు 11 కిలోజౌళ్లు. ఒకదాని మీద ఒకటి అచ్చంగా పెట్టిన అమరికకు సుమారు 7.5 మాత్రమే. అంటే బొమ్మల్లో అందరూ గీసే ఆ శాండ్‌విచ్ రూపమే మూడింటిలో బలహీనం. పైగా ఈ మూడింటిలోనూ ఆకర్షణలో సింహభాగం డిస్పర్షన్‌ది. ఏ రెండు అణువుల మధ్యనైనా, అవి ఆరోమాటిక్ అయినా కాకపోయినా ఉండే సాధారణ ఆకర్షణ అది. సైక్లోహెక్సేన్‌లో పై ఎలక్ట్రాన్లే లేవు. అయినా బెంజీన్ 80.1 డిగ్రీల దగ్గర మరిగితే సైక్లోహెక్సేన్ 80.7 దగ్గర మరుగుతుంది. బెంజీన్ వలయాలకు ప్రత్యేకమైన జిగురు ఏదో ఉందని నమ్మేవాళ్లు ఈ రెండు అంకెలను కాసేపు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మరి దొంతరలు అసలు రావా? వస్తాయి. ఎప్పుడు వస్తాయో చూస్తే నా వాదన ఇంకా తేటపడుతుంది. బెంజీన్‌లోని ఆరు హైడ్రోజన్ల స్థానంలో ఆరు ఫ్లోరిన్లు పెడితే హెక్సాఫ్లోరోబెంజీన్. దాని క్వాడ్రుపోల్ పరిమాణం బెంజీన్‌దంతే, గుర్తు మాత్రం తిరగబడుతుంది. ఇక్కడ అంచు ఋణం, ముఖం ధనం. అదీ ఇంచుమించు 5 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఈ రెండు ద్రవాలను సమపాళ్లలో కలిపితే 24 డిగ్రీల దగ్గర కరిగే స్ఫటికం వస్తుందని 1960లో ప్యాట్రిక్, ప్రాసర్ కనిపెట్టారు. రెండూ విడివిడిగా ద్రవాలుగా ఉండే ఉష్ణోగ్రత దగ్గర, కలిసిన వెంటనే ఘనమైపోతాయి. ఆ స్ఫటికంలో బెంజీన్, హెక్సాఫ్లోరోబెంజీన్ ఒకటి విడిచి ఒకటిగా నిలువు దొంతరలు కడతాయి. ఇక్కడ గీత గీయండి, నేను కాదనను. ముఖానికి ముఖం ఎందుకు నచ్చిందో చెప్పడానికి ఇక్కడ కారణం ఉంది, ఆ కారణాన్ని పరీక్షించే ప్రయోగమూ ఉంది.

ఇక నాఫ్తలీన్. ఈ మొత్తం శాస్త్రంలో నాకు ఎక్కువ ఇష్టమైన స్ఫటికం ఇదే. వేడి తగిలితే కరగకముందే ఆవిరై, చల్లటి గాజు మీద పల్చటి మెరిసే రేకులుగా పేరుకుంటుంది. ఆ రేకును సూది మొనతో తాకితే ఎటు పడితే అటు విరగదు. పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ పొరల్లోనే దాని నిర్మాణమంతా ఉంది. అణువులు పొర అడుగు మీద పడుకుని లేవు, కొంచెం ఒరిగి నిలబడి ఉన్నాయి. ఒక వరసలోవి ఒకవైపుకు, పక్క వరసలోవి రెండో వైపుకు తిరిగి ఉంటాయి. పై నుంచి చూస్తే చేపముల్లు వరస కనిపిస్తుంది. అందుకే దీన్ని హెరింగ్‌బోన్ అమరిక అంటారు. పక్కపక్క వలయాల తలాల మధ్య కోణం 50 డిగ్రీలకు కాస్త పైన. పొరలో అంచు ముఖానికి ఆనుతుంది. పొరకూ పొరకూ మధ్య మాత్రం హైడ్రోజన్ల కొనలు హైడ్రోజన్ల కొనలకే తగులుతాయి. పట్టు తక్కువగా ఉండేది అక్కడే కాబట్టి రేకు ఊడేది కూడా అక్కడే.

ఈ సంగతి మొదట ఎలా బయటపడిందో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. 1921లో డబ్ల్యు.హెచ్. బ్రాగ్ నాఫ్తలీన్, ఆంత్రసీన్ యూనిట్ సెల్‌లను ఎక్స్-కిరణాలతో కొలిచి పక్కపక్కన పెట్టాడు. నేటి అంకెల్లో చెప్పాలంటే నాఫ్తలీన్ పెట్టె భుజాలు 8.24, 6.00, 8.66 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంత్రసీన్‌వి 8.56, 6.04, 11.16. రెండు భుజాలు దాదాపు కదల్లేదు. మూడోది మాత్రం 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు పెరిగింది. నాఫ్తలీన్‌లో రెండు వలయాలు, ఆంత్రసీన్‌లో మూడు. పెరిగిన ఆ రెండున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు ఒక వలయం వెడల్పు. అంటే అణువులు ఆ మూడో భుజం పొడవునా నిలబడి ఉన్నాయి. ఒక్క పరమాణువు స్థానం కూడా తెలియకముందే, రెండు పెట్టెల కొలతలు పోల్చి అణువు ఎటు నిలబడిందో చెప్పగలిగాడు. అంతకంటే పెద్ద విషయం, రసాయనవేత్తలు కాగితం మీద గీసుకుంటున్న షడ్భుజికి నిజంగానే ఒక కొలత ఉందని తేలింది.

పదేళ్లు తిరక్కముందే కలకత్తాలో కేదారేశ్వర్ బెనర్జీ ఈ రెండు స్ఫటికాల్లో అణువుల అమరికను పట్టుకున్నారు. 1930లో నేచర్ పత్రికలో అది వచ్చింది. ఢాకాలో కె.ఎస్. కృష్ణన్ ఇంకో దారిలో వచ్చారు. చిన్న స్ఫటికాన్ని సన్నటి పోగుకు వేలాడదీసి, అయస్కాంత క్షేత్రంలో అది ఎంత తిరుగుతుందో చూసేవారు. ఆరోమాటిక్ వలయం తన తలానికి లంబంగా ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని ఎక్కువగా ఎదిరిస్తుంది. కాబట్టి ఒక్కో దిశలో స్ఫటికం చూపించే ప్రవర్తనలోని తేడా నుంచి లోపల వలయాలు ఎంత ఒరిగి ఉన్నాయో లెక్క కట్టవచ్చు. 1933లో తన సహచరులతో కలిసి ఆయన ప్రచురించిన ఆ కొలతలు చదువుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఒక్క జంటను ఏరుకునే వీలే లేని పద్ధతి అది. స్ఫటికం మొత్తం చెప్పే ఒక్క మాట విని లోపలి అణువుల తీరు చెప్పాలి. ఆ క్రమశిక్షణ ఇప్పుడు మనకు కావాలి.

అంతకు కాస్త ముందు, 1929లో, లీడ్స్‌లో కాథ్లీన్ లాన్స్‌డేల్ హెక్సామీథైల్‌బెంజీన్ నిర్మాణాన్ని సాధించారు. బెంజీన్ వలయం చదునుగా ఉంటుందని ఎక్స్-కిరణాలతో తేల్చింది ఆమే. ఆ స్ఫటికంలో యూనిట్ సెల్‌కు అణువు ఒక్కటే. అందుకే అన్ని వలయాలూ ఒకదానికొకటి సమాంతరం, చదునైన పొరలు. బెంజీన్‌కు లేని ఈ సమాంతర గుణం దీనికి ఎక్కడిది? వలయం చుట్టూ ఆరు మీథైల్ గుంపులు వచ్చి కూర్చున్నాయి. పక్క వలయం ముఖంలోకి దూరడానికి సన్నటి అంచు ఇక మిగల్లేదు. చదునైన బిళ్లలు పొరలుగా పరుచుకోవడం తప్ప దగ్గరగా సర్దుకునే దారి లేదు.

ఈ తర్కాన్ని 1989లో గౌతమ్ దేశిరాజు, ఏంజెలో గావెజోట్టి ఒక పద్ధతిలో పెట్టారు. ఒకరు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, మరొకరు మిలాన్‌లో. ఆరోమాటిక్ హైడ్రోకార్బన్ల నిర్మాణాలన్నీ తిరగేసి నాలుగు రకాలుగా విడదీశారు. నాఫ్తలీన్ లాంటి మామూలు హెరింగ్‌బోన్ ఒకటి. పైరీన్‌లా జంటలు జంటలుగా హెరింగ్‌బోన్‌లో కూర్చునేది రెండోది. కొరొనీన్‌లా దొంతరలు కట్టి, ఆ దొంతరలు మళ్లీ ఎదురెదురుగా ఒరిగేది మూడోది. అచ్చంగా పొరలుగా ఉండేది నాలుగోది. పెట్టెలో అన్నిటికంటే చిన్న భుజం చూస్తే ఏ రకమో చాలావరకు చెప్పేయవచ్చు. నాఫ్తలీన్‌కు అది 6.0, కొరొనీన్‌కు 4.7. అణువులో నడుమ ఉన్న కార్బన్ల వైశాల్యం పెరిగి, అంచున ఉన్న హైడ్రోజన్ల వాటా తగ్గేకొద్దీ దొంతర వైపు మొగ్గు పెరుగుతుంది. ఇందులో అణువంతా లెక్కలోకి వస్తుంది చూడండి. రెండు వలయాల మధ్య ఒక్క దూరం మీద ఏదీ ఆధారపడలేదు.

అర్ధవాహకాలు చేసేవాళ్లు ఈ పాఠాన్ని బాగా ఒంటబట్టించుకున్నారు. ఐదు వలయాల పెంటసీన్ కూడా హెరింగ్‌బోన్‌లోనే కూర్చుంటుంది. విద్యుదావేశం ఒక అణువు నుంచి ఇంకో అణువుకు సులువుగా దూకాలంటే వలయాలు ముఖాముఖి వస్తే మేలు. 2001లో జాన్ ఆంథొనీ బృందం పెంటసీన్ నడుమ వలయానికి రెండు వైపులా బొద్దుగా ఉండే సిలికాన్ గుంపులు తగిలించింది. అణువులు పక్కకు జరిగిన దొంతరలుగా, గోడలో ఇటుకల వరస మాదిరి, రెండు దిశల్లో పరుచుకున్నాయి. ఆ గుంపు లావు పెంటసీన్ పొడవులో ఇంచుమించు సగం ఉంటే ఇలాంటి అమరిక వస్తుందని వాళ్లు నియమం కూడా చెప్పారు. వలయాల మధ్య ఆకర్షణ పెంచి దొంతర తెచ్చారా? లేదు. అంచు వచ్చి ముఖానికి తగలకుండా అడ్డుపెట్టి తెచ్చారు. పై-స్టాకింగ్ కోసం పని చేసిన వాళ్లే దాన్ని ఆకారంతో సాధించారు.

ఆకారం గురించి అన్నిటికంటే ముందు, అన్నిటికంటే స్పష్టంగా మాట్లాడినవాడు సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కిటాయిగొరోద్‌స్కీ. ఆయన సూత్రం చాలా సాదా: ఒక అణువు ఉబ్బు ఇంకో అణువు పల్లంలో కూర్చోవాలి, ఖాళీ వీలైనంత తక్కువ మిగలాలి. స్ఫటికంలో అణువులు నిజంగా ఆక్రమించే భాగం చాలా సేంద్రియ స్ఫటికాల్లో 0.65 నుంచి 0.77 మధ్య ఉంటుందని చూపించాడు. గోళాలను అతి దగ్గరగా పేర్చితే వచ్చేది 0.74. ఇంత వంకరటింకర అణువులు గోళాలతో సమానంగా సర్దుకుంటున్నాయి! ఇక్కడి నుంచి ఆయన ఇంకో అడుగు వేశాడు. అద్దం లాంటి సౌష్ఠవం ఉంటే ఉబ్బుకు ఎదురుగా ఉబ్బే వస్తుంది, ఖాళీ పెరుగుతుంది. తిరగేసి, సగం జరిపి పెట్టే సౌష్ఠవాలైతే ఉబ్బు పల్లంలో పడుతుంది. కాబట్టి స్ఫటికాల్లో సాధ్యమయ్యే 230 స్పేస్ గ్రూపుల్లో, అంటే సౌష్ఠవ అమరికల్లో, అణువులు కొన్నిటినే ఇష్టపడాలి. జరిగింది అదే. కేంబ్రిడ్జ్ స్ఫటిక నిర్మాణాల డేటాబేస్‌ను 1965లో ఓల్గా కెనార్డ్ మొదలుపెట్టారు, 2019లో అది పది లక్షల నిర్మాణాలు దాటింది. అందులో మూడో వంతుకు పైగా పీ-టూ-వన్-బై-సీ అనే ఒక్క గ్రూపులోనే ఉన్నాయి. మొదటి ఐదు గ్రూపులు కలిపితే నూటికి 75కు పైనే.

ద్రవీభవన స్థానాలు చూడండి, ఇదే కథ. పారాజైలీన్, ఆర్థోజైలీన్, మెటాజైలీన్ మూడింటి ఫార్ములా ఒకటే, మరిగే ఉష్ణోగ్రతలు 138 నుంచి 144 డిగ్రీల మధ్యే. కరిగే ఉష్ణోగ్రతలకు వచ్చేసరికి పారా ప్లస్ 13, ఆర్థో మైనస్ 25, మెటా మైనస్ 48. ద్రవంలో అణువు ఎటైనా తిరుగుతుంది, ఆకారంతో పెద్దగా పని లేదు. స్ఫటికంలో ఒక్కో అణువుకూ ఒక కుదురైన చోటు కావాలి. సౌష్ఠవం ఎక్కువున్న అణువు ఎక్కువ ఉష్ణోగ్రత దాకా ఆ చోటు వదలదని థామస్ కార్నెలీ 1882లోనే, ఎక్స్-కిరణాలు పుట్టకముందే గమనించాడు. పాలిస్టర్ పరిశ్రమకు కావలసిన పారాజైలీన్‌ను మిగతా వాటి నుంచి చల్లబరిచి వేరుచేయగలిగారంటే ఈ తేడా పుణ్యమే. ఆంత్రసీన్, ఫినాంత్రీన్ తీసుకున్నా అంతే. రెండింట్లోనూ 14 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, మూడు వలయాలు. నిటారు ఆంత్రసీన్ 216 డిగ్రీల దాకా కరగదు. వంపు తిరిగిన ఫినాంత్రీన్ 100 దగ్గరే కరిగిపోతుంది. వలయాలు అవే, పై ఎలక్ట్రాన్లూ అన్నే. స్టాకింగ్ అనే ఒక్క మాటతో ఈ 116 డిగ్రీల తేడాను ఎవరైనా వివరించగలరా?

ఒక్కోసారి స్ఫటికం అణువు ఆకారాన్నే మార్చేస్తుంది. వాయు స్థితిలో బైఫినైల్ రెండు వలయాల మధ్య సుమారు 44 డిగ్రీల మెలి ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గరి స్ఫటికంలో అదే అణువు సగటున చదునుగా కనిపిస్తుంది. చదును కావడానికి అణువు కొన్ని కిలోజౌళ్లు ఖర్చు పెట్టుకుంటుంది, బాగా సర్దుకోవడం వల్ల ఆ ఖర్చు తిరిగి రాబడుతుంది. ఏ ఒక్క పొరుగూ విడిగా ఈ ఖర్చు భరించలేదు, అన్నీ కలిస్తేనే అవుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దూరం ముఖ్యం కాదంటే గెర్హార్ట్ ష్మిట్ పనిని ఏమంటారు? 1964లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ నుంచి ఆయన ప్రచురించిన సినమిక్ ఆమ్లాల అధ్యయనం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. ఆల్ఫా రకం స్ఫటికం మీద అతినీలలోహిత కాంతి పడితే ఒక రకం డైమర్, అంటే రెండు అణువులు అతుక్కున్న అణువు, వస్తుంది. బీటా రకం మీద పడితే ఇంకో రకం. గామా రకంలో ఏమీ జరగదు. ద్రావణంలోకి వెళ్తే ఈ తేడాలేవీ ఉండవు. పక్కపక్క అణువుల్లోని జంటబంధాలు సమాంతరంగా, సుమారు 4.2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటేనే చర్య జరుగుతుందని ఆయన తేల్చాడు. అంటే దూరమే సర్వం కదా?

రసాయన చర్యకు సర్వమే. దాన్ని నేనెప్పుడూ కాదనను. కానీ ఆ దూరం ఎందుకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. నేను వేరుచేయమంటున్నది ఈ రెండు ప్రశ్నలనే. ష్మిట్ బృందం బీటా అమరిక కావాలనుకున్నప్పుడు వలయం మీద క్లోరిన్లు తగిలించేది. క్లోరిన్లు వచ్చాక మొత్తం సర్దుబాటు మారి, అణువులు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో వరస కట్టేవి. దూరం పనికొచ్చే ఫలితమే. దాన్ని తెచ్చిన కారణం మాత్రం ఆ జంటకు బయట ఉంది.

హైడ్రోజన్ బంధాల సంగతి కొంత వేరు. బెంజోయిక్ ఆమ్లంలో రెండు అణువులు రెండు హైడ్రోజన్ బంధాలతో జంట కడితే, ఆ జంట గురించి విడిగా మాట్లాడటం సబబే. అక్కడ కూడా మిగతా సగం కథ మిగిలే ఉంటుంది. పారసెటమాల్‌నే చూడండి. దాని రెండు రూపాల్లోనూ ఉన్న హైడ్రోజన్ బంధాలు ఒకే రకం. మొదటి రూపంలో ఆ బంధాలతో అల్లుకున్న పొరలు మడతలు మడతలుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారలేవు. అందుకే ఆ పొడిని నేరుగా నొక్కితే మంచి బిళ్ల రాదు, అతుక్కోవడానికి వేరే పదార్థాలు కలపాలి. రెండో రూపంలో పొరలు చదును. ఒత్తిడి పడితే జారి చక్కగా బిళ్ల కడుతుంది. అయితే ఆ రూపం అంత స్థిరమైనది కాదు, మొదటి రూపంలోకి మారిపోవాలని చూస్తుంటుంది. బంధాల జాబితా రాసి ఊరుకుంటే రెండు రూపాలూ ఒకటే అనిపిస్తాయి. బిళ్ల మిషన్ ముందు నిలబడ్డవాడికి అవి పూర్తిగా వేర్వేరు.

ఇలా రూపాలు పక్కపక్కనే ఉండటానికి కారణం శక్తుల లెక్కలో ఉంది. నాఫ్తలీన్ స్ఫటికం నుంచి ఒక మోల్ అణువులను విడదీసి ఆవిరి చేయాలంటే సుమారు 73 కిలోజౌళ్లు కావాలి. అదే పదార్థం రెండు రకాల స్ఫటికాలుగా వచ్చినప్పుడు వాటి మధ్య తేడా సగానికి పైగా సందర్భాల్లో 2 కిలోజౌళ్ల లోపే ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి స్థాయే సుమారు రెండున్నర. ఇంత సన్నటి తేడా మీద ఏ రూపం వస్తుందో నిర్ణయమవుతున్నప్పుడు, పన్నెండు పొరుగుల్లో ఒకదాన్ని చూసి తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది? పదకొండింటి మీద తలా పావు కిలోజౌల్ అటూ ఇటూ అయితే చాలు, తీర్పు తలకిందులవుతుంది.

ఫార్ములా ఇస్తే స్ఫటిక నిర్మాణం చెప్పలేకపోవడం భౌతిక శాస్త్రాలకే తలవంపు అని నేచర్ సంపాదకుడు జాన్ మాడక్స్ 1988లో రాశాడు. స్ఫటిక నిర్మాణాలను ముందే ఊహించగలమా అని 1994లో గావెజోట్టి తనను తానే ప్రశ్నించుకుని, లేదు అని ఒక్క మాటలో జవాబిచ్చాడు. 1999 నుంచి కేంబ్రిడ్జ్ డేటా కేంద్రం ఒక పరీక్ష నడుపుతోంది. అణువు ఫార్ములా మాత్రమే ఇస్తారు, నిర్మాణం దాచిపెడతారు, ప్రపంచంలోని బృందాలు లెక్కలు కట్టి ఊహించాలి. 2007 పరీక్షలో మార్కస్ నాయ్‌మన్ బృందం నాలుగు లక్ష్యాలకు నాలుగూ సరిగ్గా చెప్పింది. వాళ్లు డిస్పర్షన్‌ను కలుపుకుని స్ఫటికం మొత్తం శక్తిని క్వాంటమ్ పద్ధతిలో లెక్క కట్టి, వేలాది ఊహా స్ఫటికాలను వరసలో పెట్టారు. రెండు వలయాలు ఎక్కడ ముఖాముఖి వస్తాయో వెతికి ఆ విజయం సాధించలేదు.

నేను కోరేది పెద్ద పని కాదు. గావెజోట్టి రాసిన పిక్సెల్ పద్ధతి, ఆస్ట్రేలియాలో స్పాక్‌మన్ బృందం చేసిన క్రిస్టల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి సాధనాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నిర్మాణం తేలిన రోజే, ఒక అణువు చుట్టూ ఉన్న పొరుగులన్నిటితో దాని ఆకర్షణ ఎంతో జంటల వారీగా లెక్క కట్టవచ్చు. ఆవేశాల వాటా ఎంత, డిస్పర్షన్ వాటా ఎంత, వికర్షణ ఎంత అని విడదీసి చూడవచ్చు. హిర్ష్‌ఫెల్డ్ ఉపరితలం, అంటే స్ఫటికంలో అణువు చుట్టూ గీసే హద్దు, వేస్తే అణువు ఒంటి మీద ఏ చోట ఏది ఆనుతోందో కళ్లకు కడుతుంది. బెంజీన్‌కు ఆ ఉపరితలం నుంచి దూరాల పటం గీస్తే కార్బన్-హైడ్రోజన్ తాకిడులు రెండు పక్కల రెక్కల్లా విచ్చుకుని కనిపిస్తాయి, దొంతర జాడ ఉండదు.

కాబట్టి పత్రం రాస్తున్న విద్యార్థులను ఒక్కటే అడుగుతున్నాను. మొదటి బొమ్మలో అణువు చుట్టూ ఉన్న పొరుగులన్నిటినీ పెట్టండి. దాని పక్కన జంటల శక్తుల పట్టిక ఇవ్వండి, పెద్దది పైన, చిన్నది కింద. వలయాలు ముఖాముఖి వచ్చిన జంట ఆ పట్టికలో మొదటి వరసలో నిలిస్తే చుక్కల గీత నిరభ్యంతరంగా గీయండి, పక్కన దూరంతో పాటు శక్తి కూడా రాయండి. అది ఐదో వరసలోనో ఆరో వరసలోనో ఉంటే, మొదటి నాలుగు వరసల్లో ఏముందో ముందు చెప్పండి.